గచ్చకాయ పెంకు

మా తోట పళనికి పోయే దారిలో, కొండవారగా ఉంటుంది. శెనక్కాయ వేస్తే, కాయ గట్టిపడే వేళకి అడవిపందులు దిగేవి. ముట్టెతో సాళ్ళు సాళ్ళుగా పెళ్ళగించి, తెల్లారేసరికి చేనంతా నాగలి తిప్పినట్టు చేసి పోయేవి. పాత చీరలు కట్టాం, రేకు డబ్బాలు వేలాడదీశాం. ఇనుపతీగ లాగితే దాని కిందనుంచే దూరాయి. మా ఆయన వ్యాను తోలుతూ తిరుప్పూరు చుట్టూ తిరుగుతాడు కాబట్టి తోట చూసుకునేది నేనూ, మా అత్తా.

"ముళ్ళవేలి ఉంటే పంది రాదు కన్నూ" అంది అత్త ఒకరోజు. వేలి అంటే కంచె, కన్నూ అంటే బంగారూ అని. మా ఇళ్ళలో తెలుగు మధ్యకి తమిళం అట్లా వచ్చి కూర్చుంటుంది. "మా పుట్టింట్లో తోట చుట్టూ గచ్చపొదలు ఉండె. కుక్క కూడా దూరేది కాదు. ఇప్పుడా తోటే లేదు."

పళనిలో నాటుమందుల అంగడికి పోయి గచ్చకాయలు అడిగితే దంచిన పొడి పొట్లం కట్టిచ్చారు. పొడి నాటితే ఏం మొలుస్తుంది? గింజలు మా ఇంట్లోనే ఉన్నాయి. అత్త అచ్చనగాయలు ఆడేది వాటితోనే. గోలీలంత ఉంటాయి, బూడిదరంగు. ఆమె తల్లి ఆడినవి. పెళ్ళయి వచ్చేటప్పుడు గుడ్డసంచి నిండా వేసుకుని తెచ్చుకుందట. ఇన్నేళ్ళు చేతుల్లో తిరిగి తిరిగి నూనె రాసినట్టు మెరుస్తుండేవి.

"రెండు ఇయ్యండత్తా, నాటి చూస్తా" అన్నాను.

"అంత పాత గింజ యాడ మొలుస్తాది? ఇయ్యను పో." ఆపైన నవ్వింది. "కావాలంటే ఆడి గెలుచుకో."

ఆ సాయంత్రమే మొదలైంది. పాలు పితికి, వాకిట్లో ఎదురెదురుగా కూర్చునేవాళ్ళం. ఒక గింజ పైకి ఎగరేసి, అది కిందికి వచ్చేలోగా నేలమీదవి ఒకటొకటిగా ఏరాలి, తర్వాత జతలుగా, ఆ తర్వాత ఒక్క ఊపులో అన్నీ. ఆమె చెయ్యి నేలని తాకినట్టే ఉండేది కాదు. నేను రోజూ ఓడిపోయాను. మోటారు వేసి నీళ్ళు పారుతున్నంతసేపూ గట్టుమీద గులకరాళ్ళతో సాధన చేశాను. పక్కతోట ఆవిడ చూసి, పిచ్చి పట్టిందా అని అడిగింది. పట్టిందనే చెప్పాను.

ఆ వానాకాలం పోయేలోపు ఒక సాయంత్రం, అయిదు గింజలూ ఎగరేసి చెయ్యి తిప్పితే, అయిదూ నా చేతి వెనకవైపు, మణికట్టుకీ వేళ్ళకీ మధ్య వచ్చి నిలిచాయి. ఒక్కటీ జారలేదు. అత్త వంగి చూసింది.

"సరి" అంది. రెండు గింజలు ఏరి నా కొంగులో వేసింది.

వాటిని కుండీలో నాటి రోజూ నీళ్ళు పోశాను. చాన్నాళ్ళు చూసి, తవ్వి తీస్తే, పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. మట్టి తుడిస్తే అదే మెరుపు. వేడినీళ్ళలో నానేశాను. ఉబ్బలేదు. చితక్కొడదామా అంటే లోపలి పప్పు నలిగిపోతుంది.

అప్పుడు గుర్తొచ్చింది చిన్నప్పుడు మా అన్న చేసే ఆగడం. గచ్చకాయని బండమీద బరబరా రుద్ది, కాగిన గింజని నా చేతికి అంటించి పారిపోయేవాడు. నేను లబోదిబోమనేదాన్ని. అంత రుద్దితే ఆ గింజకి ఏమయ్యేది? అరిగేది కదా!

బట్టలుతికే బండ దగ్గర కూర్చుని, గింజని ఒక్కచోటే రుద్దాను. వేళ్ళు కాలాయి. నీళ్ళలో ముంచి మళ్ళీ రుద్దాను. మొదటిది మరీ ఎక్కువ అరిగి పప్పు గీరుకుంది, అది తర్వాత కుళ్ళిపోయింది. రెండోదానికి లోపలి లేత రంగు కొంచెం కనబడగానే ఆపి, చెంబులో వేశాను. పొద్దున్నే చూస్తే గింజ ఉబ్బి ఇంతయింది! రాయిలాంటిది గోరు దిగేంత మెత్తబడింది.

పెంకు పని అప్పుడు అర్థమైంది నాకు. ఒక్క జల్లుకే మొలిచి, మర్నాటి ఎండకి మాడిపోకుండా ఆ పెంకు గింజని కాస్తుంది. వాగులో దొర్లి, ఇసకలో రాసుకుని, ఎక్కడో ఒకచోట అరిగేదాకా నీటిచుక్కని లోపలికి రానివ్వదు. అత్త చెయ్యీ, ఆమె తల్లి చెయ్యీ దాన్ని నున్నగా చేశాయే గానీ అరగదీయలేకపోయాయి.

మొలక వచ్చిన రోజు నేను కేకపెట్టాను. అత్త పిండి చేతులతోనే పరిగెత్తుకొచ్చింది. మట్టి చీల్చుకుని, తలమీద పెంకు ముక్క పెట్టుకుని నిలబడి ఉంది మొలక. ఆమె వంగి ఆ పెంకు ముక్కని తాకి చూసింది.

"ఇది మా అమ్మ చేతిలో కూడా బతికే ఉండాదా?" అని అడిగింది.

"ఉండింది అత్తా."

"నా చేతిలో?"

"మీ చేతిలో కూడా."

లోపలికి పోయి గుడ్డసంచి తెచ్చి, నా ఒళ్ళో బోర్లించింది. అయిదు గింజలు మాత్రం వెనక్కి తీసుకుంది. "ఆటకి" అంది. తర్వాత తనే బండ దగ్గర కూర్చుంది. నాకంటే ఓపిక ఎక్కువ ఆమెకి. ఎంత అరగాలో వేలికొసతో పట్టేసేది. ఆమె రుద్దినవి ఒక్కటీ వృథా పోలేదు.

నారుని కొండవైపు గట్టుమీద వరసగా పెట్టాం. మొదటి ఏడు మోకాలెత్తు. రెండో ఏటికి ఒకదాన్నొకటి అల్లుకున్నాయి. కొక్కేల్లాంటి ముళ్ళు నా చీరలు ఎన్ని చింపాయో! ముళ్ళకాయలు కాసి ఎండితే ఆ గింజలు కూడా రుద్ది నాటి, ఖాళీలన్నీ పూడ్చాం. నాలుగువైపులా కంచె మూసుకున్నాక మళ్ళీ శెనక్కాయ వేశాం.

కాయ ముదిరే వేళ ఒక పొద్దున గట్టు వెంబడి నడిచాం. కంచె బయట పందుల అడుగులు బురదలో గుంపుగా ఉన్నాయి. మూల నుంచి మూలకి తిరిగి, ఒకచోట ముట్టె పెట్టి చూసి, మళ్ళీ కొండదారి పట్టాయి. ఒక ముల్లుకి నాలుగు నల్లటి వెంట్రుకలు చిక్కుకుని ఉన్నాయి.

"పోయినాయి!" అని అత్త చేతులు చరిచింది. "కన్నూ, పోయినాయి చూడు!" అని ఆ గట్టుమీదే నన్ను పట్టుకుని ఒక చుట్టు తిప్పింది.

కొండవైపు గట్టు పక్క, పందులు మొదట పడే సాలులో మేము ఎప్పుడూ కాయ చూసి ఎరగం. ఈసారి అక్కడే మొదట పీకాం. ఒక్కో మొక్క కింద గుత్తులు గుత్తులుగా వచ్చాయి. అత్త మట్టి దులిపి, పచ్చికాయలు ఒలిచి నా నోట్లో పెడుతూ, మా ఆయనకి ఫోన్ చేసి గట్టిగా చెబుతోంది: "వ్యాను ఖాళీగా తీసుకురా. ఇంట్లో ఉండే గోతాలు చాలవు, దారిలో ఇంకా తీసుకుని రా!"