పెద్ద మేడం ముందు నా తప్పు లెక్క

ఆ రోజుల్లో బి.ఎడ్. చదువుతున్న నాకు, పిల్లల మనసు గురించి తెలియని సంగతంటూ లేదనే నమ్మకం గట్టిగా ఉండేది (నా మనసు సంగతి నాకే తెలియదన్నది వేరే మాట). అత్వెల్లిలో ఒక హైస్కూల్లో ఆరో తరగతికి ప్రాక్టీసు పాఠాలు చెప్పే పని పడింది. చివరి పాఠం చూడటానికి మా కాలేజీ నుంచి పెద్ద మేడం వస్తారు. ఆవిడ సరేనంటేనే పాసు. లేదంటే ప్లాట్లమ్మే మా చిన్నాయన ఆఫీసే గతి. "టీచరమ్మవై ఏం జేస్తవ్ బిడ్డా? జల్దీ వచ్చి నా తాన ఫోన్లెత్తు," అంటూ ఆయన నాకోసం గుండ్రంగా తిరిగే ఆఫీసు కుర్చీ కూడా కొనిపెట్టాడు. చచ్చినా ఆ కుర్చీలో కూర్చోనని ఒట్టు పెట్టుకున్నాను.

సరైన జవాబుకే బహుమతి ఇస్తే ఎప్పుడూ చురుకైనవాళ్లకే దక్కుతుందనీ, మెరుగుపడ్డవాళ్లను మెచ్చుకోవాలనీ కాలేజీలో విన్నాను. వినడమే ఆలస్యం, తప్పు చెప్పి తర్వాత దిద్దుకున్నవాళ్ల చేతి మీద మెరిసే స్టార్ అంటించడం మొదలుపెట్టాను. బిడియస్తులు కూడా నోరు విప్పారు. నేను పొంగిపోయాను. ఈ సైకాలజీ పిల్లలకు నాకంటే బాగా ఒంటబట్టిందని మాత్రం గమనించలేదు.

పెద్ద మేడం వచ్చి వెనక బెంచీలో కూర్చున్నారు. "సగం పెద్దదా, పావు పెద్దదా?" అని అడిగాను. తరగతిలో అందరికంటే చురుకైన పిల్ల (లీడరమ్మ అని పిలిచేవాళ్లం) లేచి, "పావు, మేడం," అంది, స్టార్ కోసం అప్పుడే చెయ్యి చాపి. మిగతావాళ్లూ "పావే, పావే" అని అందుకున్నారు. "గట్లెందుకు జెప్తున్నవే?" అని మెల్లగా అడిగితే, "ఫస్టే కరెక్టు జెప్తే స్టార్ రాదు గద మేడం," అని గుసగుసలాడింది, తరగతంతా వినేలా. పెద్ద మేడం ఏదో గబగబా రాసుకున్నారు. చిన్నాయన కొన్న కుర్చీ నా కళ్ల ముందు గిర్రున తిరిగింది.

ఏడుపొచ్చింది. కానీ ఏడిస్తే ఫోన్లెత్తాలి. స్టార్ల డబ్బా కిటికీలో పెట్టేసి, బోర్డు మీద పెద్ద అక్షరాలతో "పావు, పావు కలిస్తే ముప్పావు" అని రాసి, ఏమీ ఎరగనట్టు నిలబడ్డాను. పిల్లలు ఇక పట్టలేకపోయారు. "ఏంది మేడం గిది! సగమైతది!" అని బెంచీలెక్కి అరిచారు. లీడరమ్మ స్టార్ మాటే మరిచి బోర్డు దగ్గరికి ఉరికి, రొట్టె బొమ్మ గీసి, "గిట్ల జూడున్రి మేడం. రెండు పావులంటె సగం రొట్టె. ఇగ సమజైందా?" అంది. "కాలేదు," అన్నాను మొండిగా. ఇంకొకడు వచ్చి వేరేలా వివరించాడు. గంట కొట్టేదాకా నాకు అర్థం కానే లేదు.

బయటికి వచ్చాక పెద్ద మేడం, "స్టార్లతోని మస్తు ఆగం జేసినవ్. తప్పుతోని సదిరినవ్. పో, పాసైనవ్," అన్నారు. ఎంత సంతోషమేసిందంటే, చిన్నాయన మీద కూడా ప్రేమ పుట్టుకొచ్చింది.

ఇప్పుడు బౌరంపేట్‌లో పాఠాలు చెబుతూ, అప్పుడప్పుడూ కావాలనే తప్పు రాస్తుంటాను. ఏడుపు దిగమింగి సుద్దముక్క పట్టుకున్న ఆ మొండిపిల్లను తలచుకుంటే ముచ్చటేస్తుంది. మొన్న ఒక పిల్ల బోర్డు చూసి, "గిది కావాల్నని తప్పు రాసిన్రు గద మేడం?" అని అడిగింది. "అవును బిడ్డా," అన్నాను. నేను కళ్లద్దాలు ఇంట్లో మరిచిపోయి వచ్చిన రోజది.