అరుపుల పాటకు హారతి దరువు

ఆదోని భజన బృందంలో నేను డోలక్ వాయిస్తాను. ఇంట్లో తెలియకుండా నేనూ, ఇద్దరు స్నేహితులూ కలిసి ఇంకో బ్యాండు పెట్టుకున్నాం. ఇంగ్లీషు క్యాసెట్లు విని, దరువు మీద తెలుగు మాటలు అరుస్తుంటాం.

ఈ రోజు ఎమ్మిగనూరులో ఒక పెళ్లిలో మా మొదటి ప్రోగ్రాం. చూస్తే ముందు వరుసలో మా భజన గురువుగారు! తల వంచుకుని వాయించాను. పాట ముగిసేసరికి, భజన అలవాటు కొద్దీ, నా చేతులు హారతి దరువు అందుకున్నాయి. పెళ్లికొచ్చినవాళ్లంతా లేచి దండం పెట్టారు. గురువుగారు కూడా.

తర్వాత నన్ను పిలిచి, "హారతి బాగానే వాయించినావప్పా. రేపు గుడిలో నీ చేతులు ఏం వాయిస్తాయో సూస్తా" అన్నారు.

తిరుగు బస్సులో చేతులు కట్టుకునే కూర్చున్నాను. వేళ్లు మాత్రం ఆదోని దాకా ఆ అరుపుల దరువే కొడుతూ వచ్చాయి. రేపటి భజనకు, మీరైతే వెళ్తారా?