కొలతల పుస్తకంలో కొంగ

మా అక్కని సినిమాలో పెట్టి పరువు తీశారు. తీసింది ఎవరో కాదు, ఒకే ఒక్క ఏడాది మా కొట్లో స్కూలు గౌను కుట్టించుకుని మళ్ళీ గడప తొక్కని పిల్ల. చూసొచ్చినప్పటి నుంచి నా ఒళ్ళు మండిపోతోంది.

మా అక్క ముప్ఫై ఏళ్ళుగా బట్టలు కుడుతోంది. స్కూళ్ళు తెరిచే ముందు కొట్లో నిలబడటానికి చోటుండదు. అక్క టేపు పట్టి కొలతలు చెబుతుంది, నేను పుస్తకంలో రాస్తాను. ఎదిగే పిల్లలకి గౌను అంచులో నాలుగు వేళ్ళ మడత దాచి కుట్టడం అక్క పద్ధతి. మరుసటేడు పిల్ల పొడుగైతే ఆ మడత విప్పి, ఇస్త్రీ చేసి మరీ ఇస్తుంది. ఒక్క పిల్లని కసిరిన పాపాన పోలేదు. మా ఇంట్లో చెయ్యి అక్కది, నోరు నాది అంటారు అందరూ.

ఆ సినిమాలో పేరున్న నటులు లేరు, పాటల్లేవు. స్నేహితులంతా కలిసి అడిగి తెచ్చుకున్న కెమెరాతో తీశారట. లైబ్రరీ పైహాల్లో రెండు సాయంత్రాలు వేస్తారని గోడ మీద కాగితం చూసి మేమూ వెళ్ళాం. కథంతా ఓ పదమూడేళ్ళ పిల్లది. ఉన్నట్టుండి పొడుగైపోయింది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలీదు, ఏ గదిలోకి వెళ్ళినా దేన్నో ఒకదాన్ని తన్నుకుంటుంది. అంతవరకూ బాగానే ఉంది, నేనూ నవ్వాను.

అప్పుడొచ్చింది బట్టలు కుట్టే కొట్టు. అచ్చం మాదే. ఆ కిటికీ, ఆ బల్ల, గోడకి ఆ పగిలిన అద్దం. టేపు పట్టుకుని ఒక్కతే ఆడమనిషి. కొట్టు నిండా జనం ఉండగా, కొంగ వచ్చింది జరగండి, మెడ ఒక్కటే మూరెడుంది అంటుంది. అంతా పగలబడి నవ్వుతారు. మిగతా సినిమా అంతా ఆ పిల్ల మెడ కుదించుకుని, వంగి నడుస్తూనే ఉంటుంది.

హాల్లో సగంమంది మా దగ్గర కుట్టించుకునేవాళ్ళే. తెర వదిలేసి అక్కనే చూశారు. మర్నాడు పొద్దున్నే ఒకావిడ వచ్చి, కూతురి బట్ట వెనక్కి ఇచ్చెయ్యమంది. అక్క మడతపెట్టి ఇచ్చింది.

నాకు ఉండబట్టలేదు. ముప్ఫై ఏళ్ళ మంచిపేరుని రెండు గంటల్లో మంటగలిపిందే. పైగా ఇరవై ఏళ్ళుగా అదే కొట్లో ఉన్న నన్ను మనిషి కిందే లెక్కపెట్టలేదు. నేను లేని కొట్టు మన కొట్టెలా అవుతుందని అక్క మీదే అరిచాను. పాత కొలతల పుస్తకం పట్టుకెళ్ళి, అక్క ఎంతమంది పిల్లలకి కుట్టిందో చూడమని ఆ సినిమా పిల్లని హాల్లోనే నిలదీస్తానన్నాను.

"ఆ పుస్తకం జోలికి పోకే," అంది అక్క.

పోయాను. ఒకే పేరున్న పిల్లలు నలుగురైదుగురు ఉండేవాళ్ళు, అందుకని గుర్తు కోసం పేరు పక్కన ఏదో ఒకటి రాయడం నాకు అలవాటు. పొట్టి, జడ, బొండాం. పిలవడమూ అలాగే పిలిచేదాన్ని. ఆ పిల్ల పేజీ దొరికింది. భుజం, చేతి పొడుగు, నడుం. పైన నా చేతిరాతతో కొంగ అని ఉంది. కింద గీత కూడా గీశాను.

నీకు తెలుసా అని అక్కని అడిగాను.

"నా కొట్లో అన్న మాటే కదా. నేనూ వద్దనలేదు," అంది, మిషను ఆపకుండా.

దాంతో నాకు ఇంకా మండింది. ఇంకొకరి తప్పు నెత్తినేసుకుని ఊరుకునే మనుషులంటే నాకు పడదు. తప్పు నాదైతే అసలే పడదు.

ఆ సాయంత్రం పుస్తకం చంకలో పెట్టుకుని వెళ్ళాను. ఆట అయ్యాక సినిమా తీసిన అమ్మాయి జనం అడిగేవాటికి జవాబులు చెబుతోంది. లేచి నిలబడ్డాను. ఆ కొట్లో ఇద్దరం ఉన్నాం, ఆ మాట అన్నది నేను, మా అక్క కాదు, ఇదిగో నా రాత అని అందరికీ వినబడేలా చెప్పాను. తీస్తే నా పరువు తియ్యాలి, నన్నెందుకు వదిలేశావని అడిగాను. ఆ పేజీ తెరిచి పైకెత్తి చూపించాను.

ఆ అమ్మాయి వేదిక దిగొచ్చి పుస్తకం తీసుకుంది. ఇప్పటికీ కొంచెం వంగే నడుస్తోంది. నేను గీసిన గీత మీద వేలు పెట్టింది.

"మీరున్నారని నాకు తెలీదండీ," అంది. "టేపు పట్టుకున్న చేతులే కనబడ్డాయి. ఆ మాట ఎవరన్నారో తలెత్తి చూడలేదు."