కొడుకు ఎక్కని మెట్లు

బట్టలు కుట్టి ఒక్కగానొక్క కొడుకును పెంచిన ఆ దర్జీ అమ్మకు, చివరికి వాడి చేత తాగుడు మాన్పించడమే పెద్ద పనైపోయింది. మందుల షాపులో, ఆసుపత్రిలో అడిగి, కాళ్లరిగేలా తిరిగి, తాగుడు మానాలనుకునేవాళ్లు వారం వారం కలుసుకునే గది ఒకటి కనుక్కుంది. తీరా చూస్తే అది తమ వీధి చివరి సైకిల్ షాపు మీదే ఉంది. ముందుగా తనే వెళ్లి వివరాలన్నీ తెలుసుకుంది.

కొడుకు కరెంటు పనులు చేసేవాడు. చిలక్కి చెప్పినట్టు చెబితే నవ్వేశాడు.

“తాగుబోతుల సంఘానికి నన్ను ప్రెసిడెంటుని చేద్దామనా అమ్మా? వచ్చే వారం చూద్దాంలే.”

ఆ వచ్చే వారం ఎప్పటికీ రాలేదు. కాలేయం చెడి, కళ్లు పచ్చబడి, వానలు మొదలయ్యేసరికి వాడు పోయాడు.

కొన్నాళ్లకు ఆమె ఒక్కతే మళ్లీ ఆ మెట్లెక్కింది. ఎందుకెక్కిందో ఆమెకే తెలియదు. సమావేశం నడిపే బస్సు డ్రైవరు ఆమెను గుర్తుపట్టి లేచాడు.

“రండమ్మా. మీ అబ్బాయి రాలేదా?”

“ఇక రాడు బాబూ.”

ఆమె వెనుదిరిగింది. గుమ్మం దగ్గర ఒక వెల్డరు బెరుగ్గా నిలబడి ఉన్నాడు. రావడం అదే మొదటిసారి.

“నేనూ వెళ్లిపోతానమ్మా. నలుగురిలో మొహం చెల్లడం లేదు,” అన్నాడు.

ఆమె అతని మోచెయ్యి పట్టుకుంది.

“నా పక్కన కూర్చో నాయనా. నేను ఏడుస్తూ ఉంటే నీ వంక ఎవరూ చూడరు.”

ఇద్దరూ లోపలికి వెళ్లి కూర్చున్నారు. తన వంతు రాగానే అతను తల వంచుకుని తన కథ మొదలుపెట్టాడు. అది అయ్యేదాకా ఆమె నిజంగానే ఏడుస్తూ కూర్చుంది.