మళ్ల బస్సెక్కిన పొద్దు

రొమ్ము క్యాన్సర్‌కు ఆపరేషనై, మందులెక్కించుకొని, ఏడాదికి దగ్గర దగ్గర ఇంట్లనే ఉన్న. నేను బస్సు కండక్టర్ను. నల్లగొండ నుంచి మర్రిగూడ పోయే బస్సు నాది.

"ఇంకొన్ని నెలలు ఉండరాదు, ఏం తొందర?" అన్నడు మా ఆయన. కానీ చూడనొచ్చినోళ్లంత మెల్లగ మాట్లాడుడు, నా ముఖం దిక్కు చూసి నిట్టూర్చుడు. మనుషుల లొల్లి కోసం పాణం కొట్టుకున్నది.

చీర మీద తొడుక్కునే ఖాకీ కోటు వదులైపోయింది. నెత్తి మీద వెంట్రుకలు అప్పుడప్పుడే మొలుస్తున్నయి. స్కార్ఫు కట్టుకొని డిపోకు పోయిన. డ్రైవరు పాతాయినే. "వచ్చినవా చెల్లె" అన్నడు, గంతే.

ఆడోళ్లకు బస్సు ఫ్రీ అయిన కాడికెల్లి నిలబడ జాగా ఉంటలేదు. రాడ్డు పట్టుకుందామని ఆపరేషనైన దిక్కు ఎడమ చెయ్యి లేపితే భుజం కాడ గుంజి సగంలనే ఆగింది. మూల మీద బస్సు మలిగేసరికి తూలి ఒకామె మీద పడ్డ.

డ్రైవరు బండి పక్కకు ఆపి ఎన్కకు తిరిగిండు. "మా చెల్లె పాణం బాగలేక ఇప్పుడే లేచొచ్చింది. కూసుంటది. జర మీరే సర్దుకోండ్రి."

సిగ్గుతోని తల వంచుకున్న. ముందల సీట్ల ఉన్నాయన లేచి జాగిచ్చిండు. ఎన్కున్నోళ్ల ఆధార్ కార్డులు, పైసలు చేతులు మారుకుంట నా దాక వచ్చినయి. టికెట్లు గూడ గట్లనే ఎన్కకు పోయినయి.

పక్క సీట్ల అవ్వ అడిగింది, "ఏమైంది బిడ్డా?"

ఇన్ని నెలలు మా ఇంట్ల ఆ రోగం పేరు ఎవ్వరం నోటితోని అనలే. ఆమెకు మాత్రం చెప్పిన. "రొమ్ము క్యాన్సర్ అవ్వా. కోసి తీసిన్రు. ఇప్పుడు మంచిగున్న." ఇంజను చప్పుడుకు గట్టిగనే అనాల్సొచ్చింది. చుట్టున్నోళ్లందరికి ఇనబడ్డది.

మర్రిగూడల అందరు దిగిన్రు, ఒకామె దిగలే. నా ఈడు మనిషి. పత్తి ఏరి ఏరి చేతులన్ని గీరుకపోయినయి. నోటికి కొంగు అడ్డం పెట్టుకొని, "అక్కా, నాకు గూడ గడ్డ తగులుతాంది. ఇంట్ల ఎవ్వరికి చెప్పలే," అన్నది.

"నొప్పి ఉన్నదా?"

"లేదు. అందుకే ఊకున్న."

"నాకు గూడ నొప్పి లేకుండె," అన్న. ఆమె నా చెయ్యి గట్టిగ పట్టుకున్నది.

నాకు డ్యూటీ లేని రోజు నేనే ఆమెను నల్లగొండల దవాఖానకు తోల్కపోయిన. పరీక్షలన్ని అయినంక, అది మామూలు గడ్డే, ఫికర్ చేసేది లేదన్నరు. ఆమె అక్కడనే వరండాల కూలబడి ఏడ్సింది. నా రిపోర్టు వచ్చిన నాడు నాకు కన్నీళ్లు రాలే. అయన్ని ఆ రోజు ఆమె పక్కన కూసుంటే వచ్చినయి.

బయట చాయ్ తాగుతుంటే అన్నది, "నువ్వు ఇంకా ఇంట్లనే ఉంటే నేనెవరికి చెప్పుకునేదాన్నక్కా?"

మళ్ల బస్సెక్కిన పొద్దు నన్ను కూసోబెట్టిన మనుషులందరు ఒక్కొక్కరే యాదికొచ్చిన్రు.