అక్రాలో చూడ్డానికి ఏముంది?

ఎనభైల మొదట్లో న్యూజెర్సీలోని పిస్కాటవేలో శనివారం సాయంత్రం అంటే స్లైడ్‌లే. ఎవరో ఒకరి అపార్ట్‌మెంట్‌లో చేరేవాళ్ళం. తలా ఒక వంటకం తెచ్చుకుని, తిన్నాక గోడకి తెల్ల దుప్పటి కట్టి ప్రొజెక్టర్ పెట్టేవాళ్ళం. అందరి స్లైడ్‌లలోనూ నయాగరాయే. అదే రెయిలింగ్, అవే రెయిన్‌కోట్లు, లోపల మాత్రం వేరే కుటుంబం. అయినా మొదటిసారి చూస్తున్నట్టు నోరు తెరుచుకుని చూడాలి, అది మర్యాద.

మా ఇంట్లో ఇంకో ట్రే ఉండేది, అక్రా స్లైడ్‌లది. అమెరికా రాకముందు కొన్నేళ్ళు మేమిద్దరం ఘానా రాజధాని అక్రాలో ఒక స్కూల్లో పాఠాలు చెప్పాం. మా అమ్మాయి అక్కడే పుట్టింది. ఆ ట్రేని మావారు సూట్‌కేసుల వెనక దాచారు. ఇండియా నుంచి నేరుగా దిగిన డాక్టర్ల మధ్య ఆఫ్రికా మీదుగా వచ్చామని చెప్పుకోవడం ఆయనకి నామోషీ. నాకది ఏనాడూ మింగుడుపడలేదు.

ఆ శనివారం అందరూ మా ఇంట్లో ఉన్నారు. కొత్తగా వచ్చిన ఇంజనీరు ఒకతన్ని కంపెనీవాళ్ళు పని మీద అక్రా పంపిస్తున్నారు. మేం అక్కడ ఉన్న సంగతి ఎక్కడ విన్నాడో, భోజనాలయ్యాక మావారిని అడిగాడు.

"సండేస్‌లో ఫ్రీగా చూడ్డానికి ఏమైనా ఉంటాయాండీ?"

"ఏముంటాయండీ, ఎండా దోమలూ! హోటల్ దాటకండి. రిటర్న్ టికెట్ కన్ఫర్మ్ చేసుకోండి, అంతే."

"సింహాలే వచ్చి మిమ్మల్ని ఫ్రీగా చూసి పోతాయి లెండి," అన్నారు సోఫాలో ఉన్న డాక్టరుగారు. గది గొల్లుమంది. అందరికంటే గట్టిగా నవ్వింది మావారే.

నాకు ఒళ్ళు మండిపోయింది. పాయసం తేవడానికి వంటగదిలోకి వెళ్తే మా అమ్మాయి వెనకే వచ్చింది. అప్పటికి దానికి ఏడేళ్ళు.

"అమ్మా, మండే నాడు క్లాస్‌లో నేను ఎక్కడ పుట్టిందీ చెప్పాలి. హైదరాబాద్ అని చెప్తా, ఓకే?"

పాయసం గిన్నె మీద మూత పెట్టేశాను. నా కూతురు పుట్టిన ఊరిని నా ఇంట్లోనే, నా వంట తిని, నవ్వులాటతో చెరిపేశారు. సూట్‌కేసులు లాగి ట్రే బయటికి తీశాను.

"ఎవరూ లేవకండి. ఇది చూశాకే పాయసం."

"ఇప్పుడెందుకు?" అన్నారు మావారు. ట్రే ప్రొజెక్టర్‌కి ఎక్కించి దీపం ఆర్పేశాను.

సముద్రం ఒడ్డున పెద్ద తోరణద్వారం, దాని ముందు మైదానం. చారల లైట్‌హౌస్. కోట తెల్లగోడ. అన్నీ టికెట్ కొనక్కర్లేకుండా బయటనుంచి తీసినవే, మా జీతాలకి ఆదివారాలు అలాగే గడిచేవి. నయాగరాకి నోరు తెరిచినవాళ్ళు వీటికి ఆవలించారు. నేను ఆపలేదు. తర్వాతి స్లైడ్‌లో, ఇసుకలో వల లాగుతున్న జనం వచ్చారు.

"అక్కడ దారిన పోయే ఎవరైనా వల తాడు పట్టుకోవచ్చు. పట్టుకున్నవాళ్ళకి చేపల్లో వాటా పెడతారు," అన్నాను ఇంజనీరుతో. "మేం చేప ముట్టం. అయినా ఆదివారం ఆదివారం వెళ్ళి లాగి, మా వాటా పక్కింటావిడకి ఇచ్చేవాళ్ళం. తినని చేపకోసం చేతులు కొట్టుకుపోయేలా లాగే పిచ్చివాళ్ళని మమ్మల్నే చూశానని ఆవిడ పడీ పడీ నవ్వేది."

తర్వాతిది ఆవిడ తీసిన ఫొటో. ప్యాంటు మోకాళ్ళదాకా మడిచి, జాలర్లతో కలిసి నోరారా పాడుతూ తాడు లాగుతున్న మావారు. న్యూజెర్సీలో ఆయన ముఖంలో ఆ సంతోషం నేను ఒక్కనాడూ చూడలేదు. ఎండా, దోమలూనట!

మా అమ్మాయి దుప్పటి దగ్గరికి వెళ్ళింది.

"డాడీ వెనక ఎవరు?"

"నేను."

"అంత ఫ్యాట్‌గానా?"

"పొట్టలో నువ్వున్నావు. ఆ వారమే పుట్టావు, ఆ ఊళ్ళోనే."

అది వేలితో తాడు వెంబడే నీళ్ళదాకా వెళ్ళింది. ఆ తర్వాత దుప్పటంతా వెతికి, డాక్టరుగారి వైపు తిరిగింది.

"అంకుల్, లయన్స్ ఎక్కడ?"

వేళాకోళం కాదు, నిజంగానే అడిగింది. ఎవరూ నవ్వలేదు. మావారు గబుక్కున లేచి తర్వాతి స్లైడ్‌కి మార్చబోయారు. ప్రొజెక్టర్ మీద చెయ్యి వేశాను.

"ఉంచండి. దాన్ని చూసుకోనివ్వండి."