మందుకు లొంగని జ్వరం వెంట వినుకొండ దాకా

మార్చిలో ఒక రోజు, ఎండ ముదరకముందే చేరాలని తెల్లవారుతూనే మంగళగిరిలో బస్సెక్కాను. గుంటూరు స్టేషన్లో ఇడ్లీ తిని వినుకొండ వైపు వెళ్ళే ప్యాసింజరు పట్టుకున్నాను. కిటికీ పక్క సీటే దొరికింది.

మలేరియా క్రిముల జన్యువులు పరీక్షించే ల్యాబులో పనిచేస్తాను. కాగితం మీద ఆరబెట్టిన రక్తపు చుక్కలు ఊళ్ళ నుంచి మాకొస్తాయి. వినుకొండ దగ్గర మిరపకోతకు వచ్చిన ముత్తమ్మ రక్తంలోని క్రిమి జన్యువుల్లో, మామూలుగా ఇచ్చే మాత్రల్లో ఒకదాన్ని పనిచేయనివ్వని మార్పులు కనిపించాయి. ఫోన్ చేస్తే అక్కడి నర్సు మరియమ్మగారు, "ఆవిడ పోయి నెల దాటిందండి. మాత్రలు సరిగ్గా వెయ్యలేదని మొగుణ్ణి తిడుతున్నారు" అన్నారు. అతనికి నిజం చెప్పాలని బయల్దేరాను.

నరసరావుపేటలో ఎక్కిన పురుగుమందుల వ్యాపారి మస్తాన్‌గారు నా పని గురించి విని తలూపారు. "మా మిరపకీ అంతేనండి. నిరుడు చచ్చిన పురుగు, ఈ ఏడు అదే మందు కొడితే కదలట్లా." కళ్ళాల్లో ఆరబోసిన కాయల ఘాటు బోగీలోకి వచ్చి అందరం దగ్గాం.

పదింటికల్లా దిగాను. మరియమ్మగారు ఆటోలో చేల దగ్గరికి తీసుకెళ్ళారు. గట్టు మీద టార్పాలిన్ గుడారాలు. ముత్తమ్మ భర్త జోగయ్య కాయలు కోస్తున్నవాడల్లా లేచి వచ్చాడు. మన్యంలో చింతూరు అవతలి అడవిపల్లె నుంచి కోతకొచ్చినవాడు.

"మీ తప్పేం లేదు. ఆ జ్వరం ఆ మందుకు లొంగే రకం కాదు" అన్నాను.

"అన్నీ నేనే మింగించినా. కక్కితే మళ్ళీ మింగించినా" అన్నాడు. "ముందే తెలిస్తే వేరే మందు ఉండేదా?" అని అడిగాడు.

"ఉండేది."

అబద్ధం చెప్పాల్సిందేమో. "ఇన్నాళ్ళూ నా తప్పేనని ఊరుకున్నానమ్మా. మందుంటే బతికేదని తెలిశాక ఇప్పుడేం చెయ్యాలి?" అన్నాడు. అతను మళ్ళీ సాలులోకి వెళ్ళి కూర్చున్నాడు.

గుడారంలో ఇద్దరు ఆడవాళ్ళు చలిజ్వరంతో వణుకుతున్నారు. అక్కడే పరీక్ష చేస్తే ఇద్దరికీ మలేరియానే. మరియమ్మగారు అవే మాత్రలు తీసి, "నా దగ్గరున్నవి ఇవేనండి" అన్నారు. వాళ్ళను గుంటూరు పెద్దాసుపత్రికి పంపమని కూలీల మేస్త్రిని బతిమాలాను.

"కోత మధ్యలో ఎవరు తీసుకెళ్తారు మేడమ్? చూద్దాంలే" అన్నాడు.

నేను తీసుకెళ్తానంటే, కూలి పోతుందని ఆ ఇద్దరూ రామన్నారు. మందు లేని ఊళ్ళో జాగ్రత్తలు చెప్పి, రక్తపు చుక్కలు రెండు కాగితం మీద తీసుకుని సాయంత్రం రైలెక్కాను. అటు వెళ్ళేవాళ్ళకు దారి సులువే. పొద్దున వెళ్తే రాత్రికి ఇంట్లో ఉండొచ్చు. కానీ ఆ చుక్కలు ఏం చెబుతాయో మాకు తెలిసేసరికి కోతలైపోతాయి. గుడారాలు ఎత్తేస్తారు. ఆ ఇద్దరూ ఎక్కడుంటారో, అసలు ఉంటారో లేదో, నాకు చెప్పేవాళ్ళు ఉండరు.